కాలం, చోటు: అల్గారిథమ్ తరగతిలో కులం లెక్క

రెండో సంవత్సరం విద్యార్థులకు డేటా స్ట్రక్చర్స్ పాఠం మొదలుపెట్టే రోజున నేను నల్లబల్ల మీద రెండు మాటలు రాస్తాను: కాలం, చోటు. ఒక అల్గారిథమ్ మేలైనదా కాదా అని తేల్చడానికి కంప్యూటర్ శాస్త్రం ప్రధానంగా అడిగే ప్రశ్నలు ఈ రెండింటి గురించే. పని పూర్తికావడానికి ఎంత కాలం పడుతుంది? పని జరుగుతున్నంతసేపు ఎంత చోటు, అంటే ఎంత మెమరీ కావాలి? 10 లక్షల పేర్లున్న ఓటర్ల జాబితాలో ఒక పేరును మొదటినుంచి వరుసగా వెతికితే 10 లక్షల పోలికలు చేయాల్సి రావచ్చు. అదే జాబితా అక్షరక్రమంలో ఉంటే, ప్రతిసారీ సగానికి విడగొడుతూ పోతే, 20 పోలికలు చాలు. యంత్రం ఒకటే, ప్రశ్న ఒకటే. తేడా అంతా సమాచారాన్ని పేర్చిన తీరులో, వెతికిన క్రమంలో ఉంది.

ఈ పాఠం చెబుతూ ఇరవయ్యేళ్లకు దగ్గరవుతున్నాను. యంత్రం విషయంలో ఇంత శ్రద్ధగా వాడే ఈ రెండు కొలతలను మన విద్యావ్యవస్థ విద్యార్థి విషయంలో ఎన్నడూ వాడదని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. ఒకరికి పాఠం వచ్చి మరొకరికి రాకపోతే, ఒకరికి ప్రతిభ ఉందనీ మరొకరికి లేదనీ తీర్పు చెప్పేస్తుంది. ఆ ఇద్దరి చేతిలో ఎంత కాలం ఉంది, ఎంత చోటు ఉంది అని అడగదు. మన సమాజంలో కాలాన్నీ చోటునూ పంచిపెట్టింది కులమే. ఎవరి పొద్దు ఎవరి పొలంలో గడవాలో, ఎవరు ఊళ్లో ఉండాలో, ఎవరు వాడలో ఉండాలో నిర్ణయించింది అదే. కాబట్టి కులం లెక్క తీయకుండా అల్గారిథమ్ తరగతిలోని తేడాలను అర్థం చేసుకోలేం.

ఇన్ని సబ్జెక్టులుండగా దీని గురించే ఎందుకు అని అడగవచ్చు. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి గడప ఇదే. తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో అత్యధిక సీట్లు కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ శాఖలవే. ఇంజనీరింగ్, ఎంసీఏ, డిగ్రీ పూర్తిచేసి వచ్చిన వేలాదిమందిని కంపెనీలు వడపోసేది చాలావరకు ఈ ప్రశ్నలతోనే. లింక్డ్ లిస్టును తిరగేయమంటారు. ట్రీ ఎంత లోతుందో కనుక్కోమంటారు. గ్రాఫులో దగ్గరి దారి చెప్పమంటారు. అదీ గడియారం పెట్టి అడుగుతారు. రాజ్యాంగం 16వ అధికరణంలోని రిజర్వేషన్ హామీ ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. ప్రైవేటు కొలువులో ఆ రక్షణ లేదు. అందుకే దళిత, గిరిజన, వెనుకబడిన కులాల విద్యార్థికి చదువు ముగిసేవేళ ఎదురయ్యే ఆఖరి గేటు ఈ సబ్జెక్టే అవుతోంది.

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి ఆ గేటు దాకా నడిచి వచ్చేవారెవరో చూడాలి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఆ కాలంలోనే ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం వేలాది పేద కుటుంబాలకు వృత్తివిద్య తలుపు తెరిచింది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో అదే అట్టడుగు. నల్లగొండది 64 శాతం. ఇవాళ మా తరగతుల్లో కూర్చున్నవారు ఆ లెక్కలు తీసేనాటికి బడిలో చేరుతున్న పిల్లలు. ఆ లెక్కల్లో అక్షరాలు రానివారిగా నమోదైనవారిలో వారి తల్లిదండ్రులున్నారు. ఆనకట్టలు, రోడ్లు, భవనాలు కట్టడానికి పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగిన కుటుంబాలు, ఫ్లోరైడ్ నీటికి ఎముకలు వంగిన మర్రిగూడ, మునుగోడు పల్లెలు, దేవరకొండ, అచ్చంపేట తండాలు వీరి చిరునామాలు.

నేనూ ఆ దారిలోనే వచ్చాను. దేవరకొండ ప్రాంతంలో మాదిగవాడలో పుట్టి, తెలుగు మాధ్యమంలో చదివి, కంప్యూటర్‌ను మొదటిసారి డిగ్రీలో తాకాను. వారానికి ఒక గంట, యంత్రానికి ముగ్గురం. రికర్షన్, అంటే ఒక ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతి, నాకు ఎంతకీ అంతుపట్టలేదు. ఆ పేపరు తప్పాను. ఇది అందరికీ వచ్చే సబ్జెక్టు కాదని ఒక అధ్యాపకుడు అన్నప్పుడు ఆయన చూపు మా బెంచీ మీదే ఉంది. ఆ మాట చాలాకాలం నమ్మాను కూడా.

తర్వాత హాస్టల్లో ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: ‘‘తమ్మీ, మీ అమ్మ ఎసరు పెడదామని లేచింది. ఇంట్ల నీళ్లు లెవ్వు. వంట ఆపి బోరింగు కాడికి పోయింది. అక్కడ చూస్తే బిందె కారుతుంది. అది ఆపి పక్కింట్ల బిందె అడగవోయింది. బిందె దొరికినంక సీదా పొయ్యికాడికి వచ్చిందా? లేదు. ముందుగాల బోరింగు కాడికి పోయి నీళ్లు కొట్టింది, ఆ తర్వాత పొయ్యికాడికి వచ్చింది. అన్నిటికంటే ఎనుక మొదలువెట్టిన పని అన్నిటికంటే ముందు అయిపాయె. గంతే.’’ ఆ రాత్రి నాలో కొత్త ప్రతిభ ఏదీ పుట్టలేదు. నాకు దొరికింది పది నిమిషాల కాలం, నా భాష, నాకు వస్తుందని నమ్మిన మనిషి.

ఇప్పుడు రోజులు మారాయి కదా అంటారు. ప్రతి చేతిలో ఫోనుంది, యూట్యూబ్‌లో ఉచిత పాఠాలున్నాయి, ఐఐటీ ఆచార్యుల ఎన్‌పీటెల్ ఉపన్యాసాలున్నాయి, ఇంకేం కావాలి అంటారు. నా విద్యార్థుల్లో ఒకతను పెళ్లిళ్ల సీజన్లో శని, ఆదివారాలు క్యాటరింగ్ పనికి పోతాడు. సోమవారం మొదటి గంటలో అతని కళ్లు మూతలు పడతాయి. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయికి 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, అది నిజంగా మేలు చేసింది. అయితే ఆమె చదువు గడియారం చివరి బస్సు చేతిలో ఉంది. సాయంత్రం ల్యాబ్‌లో ప్రోగ్రాం తప్పు దొరికే సమయానికి ఆమె బస్టాండులో ఉండాలి. మరొకరు పగిలిన తెర మీద, రెండు బొటనవేళ్లతో, ఫోన్లోనే సీ ప్రోగ్రాం రాస్తారు. ఇంట్లో ఉన్నది ఒకే గది, రాత్రి పదికి లైటు ఆపాలి. నగరంలో ఎనిమిదో తరగతి నుంచే కోడింగ్ నేర్చి, సొంత ల్యాప్‌టాప్ మీద వందల లెక్కలు సాధన చేసి వచ్చిన విద్యార్థితో వీరిని ఒకే గడియారం ముందు కూర్చోబెట్టి, వచ్చిన తేడాకు ప్రతిభ అని పేరు పెడుతున్నాం. ఐఐటీ మద్రాసును పరిశోధించిన అజంతా సుబ్రమణియన్ తన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ గ్రంథం (2019)లో, తరతరాల కుల వనరులు వ్యక్తిగత ప్రతిభగా రూపం మార్చుకునే తీరును వివరించారు. అదే ప్రక్రియ నల్లగొండలో వేరే దిశ నుంచి కనిపిస్తుంది. ఇక్కడ తరతరాల లేమి వ్యక్తిగత అసమర్థతగా నమోదవుతుంది.

నా సబ్జెక్టు నేర్పే మరో సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఒక అల్గారిథమ్‌కు మనం హామీ ఇవ్వాలంటే, దానికి అన్నిటికంటే అనుకూలమైన ఇన్‌పుట్ ఇచ్చి చూడం. అన్నిటికంటే కష్టమైన ఇన్‌పుట్ ఇచ్చినప్పుడు ఎంత కాలం తీసుకుంటుందో చూస్తాం. క్విక్ సార్ట్ అనే ప్రసిద్ధ పద్ధతి సాధారణంగా ఎంతో వేగవంతమైనది. కానీ ప్రతిసారీ వరుసలోని మొదటి అంశాన్నే కొలబద్దగా తీసుకుంటే, ముందే హెచ్చుతగ్గుల క్రమంలో పేర్చి ఉన్న జాబితా దగ్గర అది చతికిలబడుతుంది. దోషం జాబితాది కాదు, కొలబద్దను ఎంచుకున్న పద్ధతిది. కొలబద్దను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఆ ముప్పు దాదాపు తొలగిపోతుంది. మన తరగతి గది మొదటి బెంచీని కొలబద్దగా తీసుకుని నడుస్తుంది. మన కళాశాలలు లక్షల ప్యాకేజీ సాధించిన ఒకరిద్దరి ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టుకుంటాయి. అత్యంత అనుకూల సందర్భాన్ని చూపి వ్యవస్థ మొత్తం బాగుందని చెప్పడం మా సబ్జెక్టులో ఒప్పుకోని పని. వెనుక బెంచీలో, మూడు బ్యాక్‌లాగులతో, ఊరికి పోయే బస్సు కోసం చూస్తున్న విద్యార్థి దగ్గర ఈ చదువు ఎలా పనిచేస్తోందన్నదే దాని అసలు కొలత.

వెనుకబాటుకు భాష మరో కారణం. రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టింది 2022-23లో. ఇప్పుడు డిగ్రీలో ఉన్న ప్రభుత్వ బడి పిల్లలు ఎక్కువమంది అంతకుముందటి తెలుగు చదువు నుంచి వచ్చినవారే. నేను ఆంగ్లానికి వ్యతిరేకిని కాను. దళిత బహుజనులకు ఆంగ్లం కావాలి. కానీ పరీక్ష ఆంగ్లంలో రాయడం వేరు, భావాన్ని తొలిసారి అర్థం చేసుకోవడం వేరు. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యూరియా కోసం సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టిన దృశ్యాలు మనమంతా చూశాం. క్యూ అనే డేటా స్ట్రక్చర్‌ను నేను ఇప్పుడు దానితోనే మొదలుపెడుతున్నాను. ముందు వచ్చినవారు ముందు వెళ్తారు. వరుసలో ఉన్నది మనిషి కాదు, మనిషిని సూచించే చెప్పు. ఆ చెప్పే పాయింటర్. వెనుక తలుపు నుంచి బస్తాలు ఎవరికి పోయాయని తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు ప్రయారిటీ క్యూ పాఠం మొదలవుతుంది: ప్రాధాన్యం ఎవరికి ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు? ఇలా బోధిస్తే స్థాయి తగ్గుతుందని కొందరు సహోద్యోగులు అంటారు. నేను చూసినంతలో, ప్రశ్నలు అడిగేవారి సంఖ్య పెరిగింది.

క్రమబద్ధమైన ఆలోచన మన శ్రామిక కులాలకు కొత్తదేమీ కాదు. పోచంపల్లి ఇక్కత్ నేతలో గళ్ల కాగితం మీది డిజైన్‌ను లెక్కగట్టి, ఏ నూలు కట్టకు ఎక్కడ ముడివేసి ఎక్కడ రంగు అద్దాలో నేతకు ముందే నిర్ణయిస్తారు. చీర మొత్తం ఒక పట్టికగా వారి బుర్రలో ఉంటుంది. అందుకోసం మేకుల చుట్టూ వేలసార్లు చేయి తిప్పుతూ నూలు చుట్టే ఆసు పని సాధారణంగా ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక, బడి చదువు మధ్యలో ఆగిపోయిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనది ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతం. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చేతి కదలికను అడుగులుగా విడగొట్టి, ఆ అడుగులను యంత్రానికి అప్పగించడమే అల్గారిథమిక్ ఆలోచన. ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త కూడా చెబుతాను. చేతివృత్తుల జ్ఞానాన్ని పొగిడి, ఆ పిల్లలను ఆ మగ్గం దగ్గరే ఉంచేయడం కులానికి మరో ముసుగు. ఆ జ్ఞానానికి డిగ్రీ, జీతం, నిర్ణయాధికారం దక్కాలి. మల్లేశం వంటివారికి చదువు అందివుంటే ఏం చేసేవారన్న ప్రశ్న ఆయనకు దక్కిన గౌరవం వెనుక అలాగే ఉండిపోయింది.

ఇక ప్రతిభ జాబితా విషయం. జాబితా అంటే సార్టింగ్. సార్టింగ్‌కు ఒక కీ కావాలి: మార్కులా, ర్యాంకా, పుట్టిన తేదీనా? కీని ఎంచేది యంత్రం కాదు, మనుషులు. దవిందర్ సింగ్ కేసులో 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ ఉపవర్గీకరణకు అనుమతించింది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతాలు కేటాయించింది. ఈ విభజన వివరాలపై భిన్నాభిప్రాయాలుండవచ్చు. కానీ ఒకే వరుసలో నిలబెడితే కొందరు ఎప్పుడూ చివరనే మిగులుతారన్న గుర్తింపు దాని వెనుక ఉంది. అయితే రిజర్వేషన్ పని సీటు దగ్గర ఆగిపోతుంది. సీటు వచ్చాక ల్యాబ్‌లో గంటలకు, అధ్యాపకుడి ఓపికకు, హాస్టల్లో టేబులుకు రోస్టర్ లేదు. తలుపు తెరిచి, లోపల మెట్లు కట్టకపోతే పైఅంతస్తు ఎప్పటిలాగే కొందరిది అవుతుంది.

ఈ సబ్జెక్టు ఉద్యోగం కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. అల్గారిథమ్ రాయడం నేర్చుకోనివారి బతుకుల మీద కూడా అల్గారిథమ్ నడుస్తూనే ఉంటుంది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ వివిధ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాలతో జతచేసి, ఒక మనిషికి ఏమేం ఉన్నాయో అంచనా వేస్తుంది. 2014-2019 మధ్య రాష్ట్రంలో లక్షలాది రేషన్ కార్డులు రద్దయ్యాయి. పేరు దగ్గరగా ఉన్న మరొకరి కారు హైదరాబాద్‌లోని ఒక రిక్షా కార్మికుడి ఖాతాలో పడి, ఆ కుటుంబం బియ్యం కోల్పోయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది.

రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచే లెక్కను మేము అల్గారిథమ్స్ పాఠంలో చెబుతాం. ఒక అక్షరం చేర్చడం, తీసేయడం, మార్చడం ఎన్నిసార్లు చేస్తే ఒక పేరు మరో పేరు అవుతుందన్నదే ఆ లెక్క. దాన్ని తరగతిలో పెట్టినప్పుడు విద్యార్థులే చెబుతారు: లక్ష్మమ్మ పేరును ఆంగ్లంలో ఒక కార్డులో ‘కేఎస్’తో, మరో కార్డులో ‘ఎక్స్’తో రాస్తారని, ఒకే తండాలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు నలుగురుంటారని. ఒకే మనిషి ఇద్దరవుతుంది, నలుగురు మనుషులు ఒక్కరవుతారు. ఈ తప్పు ఎక్కడ జరుగుతుందో పసిగట్టగలిగిన ఇంజనీరు ఆ తండా నుంచి వచ్చినవారైతే, తప్పు ఒక కుటుంబం ఆకలిగా మారకముందే పట్టుబడే అవకాశం ఉంది. అణగారిన కులాల పిల్లలు ఈ పాఠం బాగా నేర్వాలనడానికి జీతం కంటే పెద్ద కారణం ఇదే.

కృత్రిమ మేధే ప్రోగ్రాములు రాస్తుంటే ఈ చదువు ఇంకెందుకని ఈమధ్య తరచూ వినిపిస్తోంది. యంత్రం రాసినదాన్ని సరైనదో కాదో తేల్చడానికి కావలసింది ఈ చదువే. పైగా కొత్తగా చేరేవారికి ఇచ్చే ప్రాథమిక స్థాయి పనులను యంత్రానికి అప్పగించే ధోరణి పెరిగితే ముందు నష్టపోయేది సిఫార్సులు లేని, తొలితరం పట్టభద్రులే. వాళ్లకు పునాది ఇవ్వకుండా పైపై కోర్సులు అమ్మడం మరో మోసం. కళాశాల నేర్పలేనిది అమీర్‌పేటలో కొనుక్కోమని చెప్పడం, కొనలేని వాళ్లను బయటే ఉండమని చెప్పడమే.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. కంప్యూటర్ ల్యాబులను రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచి, ఆ వేళకు తండాలకు, పల్లెలకు బస్సు నడపాలి. ల్యాప్‌టాప్ లేనివారికి లైబ్రరీ పుస్తకంలా అరువివ్వాలి. మొదటి సెమిస్టర్లో రెండు భాషల్లో నడిచే వంతెన కోర్సు పెట్టాలి. సీనియర్లు జూనియర్లకు బోధిస్తే, క్యాటరింగ్ కూలికి తగ్గని భత్యం ఇవ్వాలి. అప్పుడు ఒకరికి కాలం, మరొకరికి పాఠం దొరుకుతాయి. కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో ఏళ్లుగా ఖాళీగా ఉన్న శాశ్వత అధ్యాపక పోస్టులను రోస్టర్ ప్రకారం నింపాలి. సగం జీతంతో, రేపు ఉంటామో లేదో తెలియని పార్ట్‌టైమ్ అధ్యాపకులతో ఓపిక అవసరమైన సబ్జెక్టును నడపలేం. ఫీజు బకాయిలు సకాలంలో చెల్లించి, సర్టిఫికెట్ల కోసం విద్యార్థి కళాశాల గుమ్మంలో నిలబడే స్థితిని తప్పించాలి.

అన్నిటికంటే ముందు, లెక్కించాలి. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుల సర్వే ఫలితాలను రాష్ట్రం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 శాతం అని తేల్చింది. గడప గడపనూ లెక్కించగలిగిన ప్రభుత్వం తన విశ్వవిద్యాలయాల్లో డేటా స్ట్రక్చర్స్ పేపరు ఏ సామాజిక వర్గంలో ఎంతమంది తప్పుతున్నారో, ఎన్నో ప్రయత్నంలో గట్టెక్కుతున్నారో, ఎంతమంది మధ్యలో మానేస్తున్నారో ఎందుకు ప్రకటించదు? ఆ పట్టిక గోడమీద పెట్టిన రోజున, లోపం విద్యార్థిలో ఉందా, మనం నడిపే పద్ధతిలో ఉందా అన్నది వాదన అవసరం లేకుండానే తేలుతుంది.

నన్ను తప్పించిన ఆ పేపరునే ఇప్పుడు నేను దిద్దుతున్నాను. ప్రతి ఏడూ రికర్షన్ ప్రశ్న దగ్గర ఖాళీగా వదిలిన పేజీలు కనిపిస్తాయి. సున్నా వేసే ముందు కాసేపు ఆగుతాను. ఆ ఖాళీకి మార్కులు వేయలేను. కానీ దాన్ని తెలివి లేకపోవడంగా చదవడం మాత్రం ఎప్పుడో మానేశాను. ఎవరో పక్కన కూర్చుని చెప్పాల్సిన పది నిమిషాలు ఆ విద్యార్థికి ఇంకా బాకీ ఉన్నాయి.